స్పీకరు ముక్క చేసిన పని

చిత్తూరు దగ్గర మా తోతాపురి తోటలో బోరు మోటారు పోయిన ఏడాది రెండుసార్లు కాలింది. నీళ్లు అడుగంటినా ఉత్తినే తిరుగుతూ ఉండటమే కారణం. నీళ్లు లాగనప్పుడు మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది కదా, దాన్ని పట్టుకుని ఆపేద్దామని కూర్చున్నాను.

తెచ్చింది ఏసీఎస్712 అనే కరెంటు కొలిచే సెన్సరు, 20 ఆంపియర్లది. ఒక ఫేజు వైరు దాని గుండా పోతుంది. ఆ కరెంటుకు పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని లోపలి హాల్ సెన్సర్ వోల్టేజీగా చెబుతుంది. 5 వోల్టుల సప్లై ఇస్తే, కరెంటు లేనప్పుడు 2.5 వోల్టులు; అక్కణ్ణుంచి ఆంపియరుకు 100 మిల్లీవోల్టుల తేడా. 1879లో ఎడ్విన్ హాల్ పల్చటి బంగారు రేకు మీద చూసిన సంగతి, ఇప్పుడు మా మామిడి చెట్టు కింద ఇనప డబ్బాలో!

ఇంట్లో బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. తోటలో బిగించాక, మోటారు ఆపినా 0.7 ఆంపియర్లు చూపిస్తోంది. రెండు రోజులు కోడ్ తిరగేశాను. ఒకటే టెన్షన్. చివరికి మా నాయన డబ్బా తలుపు తీసి, "ఈ అయస్కాంతం ఏమన్నా అడ్డమేమో చూడరా" అన్నాడు. తలుపు ఊగకుండా నేనే అంటించిన పాత స్పీకరు ముక్క, సెన్సరుకు రెండు వేళ్ల దూరంలో. పీకేస్తే సున్నా. చదివింది ఈసీఈ, ఎవరితో చెప్పుకోను?

మొన్న పొద్దున రీడింగు 9 ఆంపియర్ల నుంచి 6కి పడింది. మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, అదే కాంటాక్టరు, టక్కున వదిలేసింది. నాయన మాత్రం స్టార్టరు దగ్గరికి వెళ్లి, ఒకసారి చెవి పెట్టి విని వచ్చాడు.