జూ పార్కు విషయంలో నావి రెండు మనసులు

పిల్లలను హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు తీసుకెళ్లి వచ్చినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు: అడవంతా తిరగవలసిన జంతువును, ఎంత విశాలమైన ఆవరణలోనైనా సరే, మన కళ్ల వేడుక కోసం బంధించి ఉంచడం న్యాయమేనా? 1963లో ప్రారంభమైన ఈ జూ మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉంది. నగరంలో ఆ మేరకు పచ్చదనం మిగిలిందంటే దాని పుణ్యమే. అయినా ఏ జూలోనైనా పులి నడిచే దారి మనిషి గీసిన కొలతలోనే ఉంటుంది. బంధనంలో ఉన్న పెద్ద మాంసాహారులు అదేపనిగా అటూ ఇటూ తిరగడాన్ని శాస్త్రజ్ఞులు ఒత్తిడికి గుర్తుగా చెబుతుంటే, చూసేవాళ్లేమో దాన్ని హుషారనుకుని ఈలలు వేస్తారు. (వారికీ ఒక ఆవరణ కడితే బాగుండుననిపించింది.)

అయితే మూషిక జింకల సంగతి తలచుకుంటే నా కోపం అంత గట్టిగా నిలవదు. రాత్రిపూట తిరుగుతూ మనుషుల కంట అరుదుగా పడే ఆ చిన్న జీవి సంతతిని, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన, అంతరించిపోతున్న జాతుల సంరక్షణకు పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, 2010లో ఇదే జూలో పెంచడం మొదలుపెట్టి, 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. అడవికి తిరిగి పంపడానికి పెంచడం వేరు, జీవితాంతం జనానికి చూపించడానికి ఉంచడం వేరు. మొదటి పనికైతే నేను రెట్టింపు టికెట్టు కొంటాను. రెండోదానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. పిల్లలు మళ్లీ అడిగితే కాదనలేను గానీ, ఈసారి ముందుగా వాళ్లకు నల్లమల చూపించాలని ఉంది.