మద్రాసు పాత స్టేడియం

నిన్న పని మీద సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి నుంచి చెన్నై వెళ్లాను. సెంట్రల్‌లో దిగి నెహ్రూ స్టేడియం దాకా నడిచి, గేటు కమ్మీల్లోంచి కాసేపు లోపలికి చూశాను. పాత కార్పొరేషన్ స్టేడియం ఇక్కడే ఉండేది. 1956 జనవరిలో న్యూజిలాండ్ మీద టెస్టు క్రికెట్ మ్యాచ్‌లో మన ఓపెనర్లు వినూ మన్కడ్ 231, పంకజ్ రాయ్ 173 కొట్టి తొలి వికెట్‌కే 413 పరుగులు చేసింది ఈ నేల మీదే. టెస్టుల్లో తొలి వికెట్‌కి అత్యధిక పరుగులుగా ఆ రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు! 1967లో టెస్టులు మళ్లీ ఊళ్లోని ఇంకో క్రికెట్ మైదానం చేపాక్‌కి పోయాయి. పాతది పడగొట్టి 1993లో కొత్తది కట్టారు, ఇప్పుడు ఎక్కువగా ఫుట్‌బాల్, అథ్లెటిక్స్. కట్టడాలు మారుతాయి, సరే. ఆ 413 మాత్రం గేటు దగ్గరే పెద్దగా రాసి ఉండాలి. మన ఊరి నుంచి మ్యాచ్‌కని చేపాక్ వెళ్లే పిల్లలు ఒకసారి ఇటు కూడా రండి, స్టేషన్‌కి దగ్గరే.