చార్మినార్ లేని హైదరాబాద్ టూర్

హైదరాబాద్ చూపిస్తామనే గైడ్లు ఎక్కువగా చార్మినార్‌తో మొదలుపెట్టి గోల్కొండలో వదిలేస్తారు. మొన్న ఆదివారం మేం వెళ్లిన టూర్‌లో ఆ రెండూ లేవు. గైడ్ రిటైరైన హిస్టరీ లెక్చరర్. కరీంనగర్ నుంచి వచ్చిన మా పిన్నిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు చైతన్యపురి అన్నారు సార్. అక్కడ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు తప్ప ఏముంటాయని నా అనుమానం.

మెట్రో దిగి ఆటోలో ఫణిగిరి కాలనీ సందులు తిరిగితే మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి. గుడి కంటే ముందు మూసీ వాసనే ఎదురొస్తుంది, అది వేరే సంగతి. పిన్ని దండం పెట్టుకుని వచ్చేలోపు సార్ మమ్మల్ని ఒక బండ దగ్గర నిలబెట్టారు. మొదట గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది కదా, కాసేపు తదేకంగా చూస్తే ఒక్కో అక్షరం తేలింది, తిరగేసిన లాడంలా ఉన్నది 'గ' అట. మధ్యాహ్నం వస్తే ఉత్త బండే, అందుకే పొద్దున్నే లాక్కొచ్చానన్నారు.

ఆ బండ మీదున్నది శాసనం: లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం, కాలం 5వ శతాబ్దం, అప్పట్లో ఇక్కడ ఏలిన విష్ణుకుండిన రాజులది. గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం పేరు, భిక్షాన్నంతో బతికే పిండపాతిక భిక్షువుల ప్రస్తావన అందులో ఉన్నాయి. నగరంలో ఇప్పటిదాకా దొరికిన శాసనాల్లో ఇదే పాతది. 1591లో చార్మినార్ కట్టేనాటికే దీనికి వెయ్యేళ్లు దాటాయి, మనమేమో ఊరి పుట్టుక అనగానే ఆ 1591 దగ్గరే ఆగిపోతాం.

పిన్ని ఊరుకుంటుందా. "బుద్ధుని జాగల నర్సింహస్వామి ఎట్లచ్చిండు సార్?" అని అడిగేసింది. ఆయన నవ్వి, "భిక్షువులు పోయిన్రు, గుండు మిగిలింది, ఖాళీగ ఎందుకుంటదమ్మా" అన్నారు. తర్వాత సీరియస్‌గానే చెప్పారు: రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల్లో విష్ణుకుండిన రాజు గోవిందవర్మ తన రాణి కట్టించిన బౌద్ధ విహారానికి దానమిచ్చిన సంగతి ఉంది, అదే వంశంలో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడు. ఒకే ఇంట్లో విహారమూ యాగమూ రెండూ నడిచాయన్నమాట. బౌద్ధాన్ని ఎవరో ఒక్కరోజులో తరిమేశారన్నట్టు వాదించుకునే మన వాట్సాప్ గ్రూపులకు ఈ సంగతి రుచించదు.

అక్కడి నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. జనమంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగారు, మేం అజంతా చిత్రాల నకళ్ల దగ్గర కూర్చున్నాం. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనిదే. 1920ల్లో గుహల్లోని చిత్రాలు పెచ్చులూడకుండా చూడడానికి ఇటలీ నుంచి నిపుణులను పిలిపించారు. బౌద్ధ శిల్పాల గది కూడా బాగుంది, కానీ ఎండదెబ్బకు సగంమంది ఫ్యాన్ కిందే సెటిలయ్యారు.

బిర్లా మందిర్ సాయంత్రమే వెళ్లాలి, మధ్యాహ్నం మూసేస్తారు, పైగా ఆ తెల్ల పాలరాతి మీద ఎండలో చెప్పుల్లేకుండా నడవడం నరకం. నౌబత్ పహాడ్ మీద 1976లో తెరిచిన ఈ వేంకటేశ్వరుడి గుడిలో గంటలు కట్టలేదు, ధ్యానానికి అడ్డమని. ప్రాంగణంలో బుద్ధుడికీ చోటిచ్చారు. పిన్నికి గంట లేకపోవడం మాత్రం అస్సలు నచ్చలేదు.

చివరికి హుస్సేన్‌సాగర్. 58 అడుగుల బుద్ధుడు, రాయగిరి దగ్గర తొలిచిన ఒకే రాయి. 1990 మార్చిలో పడవ మీద తెస్తుంటే నీళ్లలో మునిగింది, మనుషులు కూడా పోయారు. రెండేళ్లకు పైగా సాగర్ అడుగునే ఉంది, 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. లుంబినీ పార్క్ దగ్గర బోటు క్యూలో నిలబడి ఇదంతా వింటుంటే పిన్నికి టెన్షన్ పట్టుకుంది, లైఫ్ జాకెట్ తొడిగి రెండుసార్లు లాగి చూసుకున్నాకే ఎక్కింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: చైతన్యపురి, నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్లు మూడూ రెడ్ లైన్ మీదే ఉన్నాయి, కారు అక్కర్లేదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కోసగుండ్లకు మాత్రం తెలిసినవాళ్లతోనే వెళ్లండి, లేకపోతే శాసనం పక్కనే నిలబడి సెల్ఫీ దిగి వచ్చేస్తారు.