మూడో అంతస్తు, ఫ్లైఓవర్ పక్క కిటికీ

బెంగళూరు బొమ్మనహళ్లిలో మా వంటింటి కిటికీకి ఎదురుగా, దాదాపు అదే ఎత్తులో, ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్. 2010లో తెరిచారు. హారన్ల కన్నా నన్ను చంపేది దాని శ్లాబుల మధ్య జాయింట్లు. లారీ దాటిన ప్రతిసారీ దడక్, దడక్. మొన్న మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఇంకా బస్సులోనే ఉండావా నాయనా?" అంది. మంచమ్మీదున్నా!

నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి కేంద్ర నిబంధన. నా ఫోన్ యాప్ 68 చూపించింది (యాప్‌ని పూర్తిగా నమ్మననుకోండి). పక్కింటాయన చెట్లు నాటిద్దామంటాడు. నీడకైతే సరే, ఒక్క వరస చెట్లకి ఈ మోత ఆగదు. టైరు మన కిటికీకి కనబడకుండా, సందుల్లేని గోడ కావాలి. అర్జీ ఇస్తే కింద సర్వీస్ రోడ్డు మీద హంప్ వేయించారు. ఇప్పుడు అక్కడ బ్రేకేసి గేరు మార్చే మోత అదనం.