వాద్యాలతో విదేశీ టూరు: ఆ ఒక్క ముద్ర కోసం మేం పడ్డ పాట్లు

వీసాలు, టికెట్లు ముందే మొదలుపెడితే అయిపోతాయి. సెలవులు కదా అని పిల్లల్ని వెంటబెట్టుకెళ్తుంటే, తల్లిదండ్రుల్లో రానివాళ్లు సంతకం చేసిన నోటరీ అంగీకార పత్రం దగ్గరుంచుకోండి. వేసవిలో బ్యాండుతో దేశం దాటేటప్పుడు ప్రాణం తీసేవి మనుషుల కాగితాలు కావు, వాద్యాల కాగితాలు.

వాద్యాలు, యాంపులు, మైకులు అమ్ముకోవడానికి కాదు, తిరిగి తెచ్చేస్తాం అని కస్టమ్స్‌కు చూపించే పుస్తకమే ఏటీఏ కార్నెట్. వాణిజ్య మండలి ఇస్తుంది. గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. పూచీకత్తు కట్టాలి. జాబితాలో ప్రతి వస్తువుకూ సీరియల్ నంబరు, బరువు, విలువ, తయారైన దేశం ఉండాలి. జారీ అయ్యాక కొత్త వస్తువు చేర్చనివ్వరు, తగ్గించి తీసుకెళ్లొచ్చు. అందుకే తీసుకెళ్తామేమో అనుకున్న గిటార్ పెడల్ కూడా రాసేయండి. పాత వయొలిన్లకు సీరియల్ ఉండదు కాబట్టి లోపలి లేబుల్ మీది అక్షరాలు, వార్నిష్ ఊడిన చోటు రాసి ఫొటో జతచేయాలి. వాడితే అయిపోయేవి, అమ్మే సీడీలు, టీషర్టులు దీని కిందికి రావు.

పసుపు కాగితాలు సొంత దేశానికి, తెల్లవి వెళ్లిన దేశానికి, నీలివి మధ్యలో దాటే దేశానికి. అధికారి ఓచరు చింపుకుని, పుస్తకంలో మిగిలే ముక్క మీద ముద్ర వేస్తాడు.

ఈ ముద్ర దగ్గరే మమ్మల్ని ఏడిపించారు. తిరుగు ప్రయాణంలో చెకిన్ వాళ్లేమో పెట్టెలు ఇచ్చేయమంటారు. కస్టమ్స్‌కేమో వస్తువులు కళ్లతో చూపించాలి. పెట్టెలు బెల్టు మీదికి వెళ్లిపోయాక చూపించడానికి ఏముంటుంది? మేం ఇవ్వకుండా కౌంటరు దగ్గర నిలబడితే, అక్కడి కస్టమ్స్ అధికారి వచ్చీరాగానే పెట్టెలన్నీ నేలమీద తెరిపించాడు. జనం మమ్మల్ని దొంగసరుకు మోసేవాళ్లలా చూశారు. నా జాబితాలో ఒక్క నంబరూ తేడా రాలేదు. అన్నీ చూసి, "వెళ్లేటప్పుడు ముద్ర అక్కర్లేదు, వెళ్లిపోండి" అన్నాడు!

అక్కర్లేకపోవడమేంటి? తెల్ల రీ-ఎక్స్‌పోర్ట్ (సరుకు తిరిగి బయటికి వెళ్లిందనే) ముక్క మీద ముద్ర లేకపోతే, వస్తువులు ఆ దేశంలోనే ఉండిపోయాయని లెక్క. తర్వాత సుంకం, దానిమీద అదనపు సొమ్ము కట్టమంటారు. ఆ కాగితం వేలుపెట్టి చూపించి, పై అధికారిని పిలిపించే దాకా కదల్లేదు. విసుక్కున్నారని మీరూ వెనక్కి తగ్గకండి. కార్నెట్ చూసే కౌంటరు ఎప్పుడు తెరిచి ఉంటుందో ముందే కనుక్కోండి, సెలవుల రద్దీలో మూడు గంటలు అదనంగా పెట్టుకోండి.

ఏనుగు దంతం, తాబేలు చిప్ప, బ్రెజిలియన్ రోజ్‌వుడ్ కలప ఉన్న వాద్యాలకు కార్నెట్ చాలదు, సైటిస్ (అంతరించే జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి వేరే కావాలి. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నింటినీ నియంత్రణలోకి తెచ్చి, తయారైపోయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రకానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. సైటిస్ కింద వాద్యానికి ఇచ్చే ధ్రువపత్రం గరిష్ఠంగా 3 ఏళ్లు చెల్లుతుంది, దానికీ సరిహద్దు దాటిన ప్రతిసారీ ముద్ర కావాలి.

విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టుకోండి. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) ఉంటే దానికి విమానంలో సీటు కొనడమే మేలు. ఇంటికి రాగానే పసుపు రీ-ఇంపోర్ట్ ముద్ర వేయించుకుని, పుస్తకం వాణిజ్య మండలికి అప్పగిస్తేనే పూచీకత్తు వెనక్కి వస్తుంది. అప్పగించే ముందు ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.