కోరల్ రీఫ్స్ టాపిక్ నేనెట్ల చదివిన్నంటే

హన్మకొండల రూములు తీస్కొని గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రాస్తున్న. ఎన్విరాన్‌మెంట్‌ల కోరల్స్ (పగడాలు) రాంగనే చానామంది బ్లీచింగ్ (పగడం రంగు పోయి తెల్లవడుడు) డెఫినిషన్, నాలుగు ప్లేసుల పేర్లు బట్టీ పట్టి పేజీ తిప్పేస్తరు. నేను మాత్రం పగడం అస్థిపంజరం ఎట్ల పెరుగుతదో అక్కడ మొదలుపెట్టిన, దాంతోటే టాపిక్ మొత్తం తొవ్వకొచ్చింది.

పగడం సముద్రపు నీళ్లలకెళ్లి కాల్షియం, కార్బొనేట్ తీస్కొని అరగొనైట్ అనే ఖనిజం రూపంల పేర్చుకుంటది. దీని పెరుగుదలల రెండు లెక్కలుంటయి, ఏడాదికి ఎంత పొడుగైంది, ఎంత సాంద్రతతోటి అయింది. రెండూ గుణిస్తే కాల్సిఫికేషన్ రేటు, అంటే అస్థిపంజరం కట్టే వేగం. పోరైటిస్ లాంటి గుండ్రటి పగడాలు ఏడాదికి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతయి, కొమ్మల అక్రోపోరా 10 కూడా దాటుతది. ఎక్స్‌రే తీస్తే ఏడాదికో పట్టీ కనవడతది.

ఇగ అసలు సంగతి, ఏ కండిషన్ దేన్ని దెబ్బతీస్తదో విడివిడిగ పట్టుకోండ్రి. వేడి కొంతవరకు పెరిగితే కాల్సిఫికేషన్ కూడా పెరుగుతది, ఒక హద్దు దాటినంక పడిపోతది, మామూలు ఎండకాలం గరిష్ఠం కంటే 1 డిగ్రీ ఎక్కువ కొన్ని వారాలు ఉంటే చాలు పగడం లోపలున్న ఆల్గే (సన్నటి నాచు) వెళ్లిపోయి బ్లీచింగ్ అయితది, తిండి పెట్టేది ఆ ఆల్గేనే కాబట్టి కట్టుడు కూడా కుంటువడ్తది. అసిడిఫికేషన్, అంటే సముద్రపు నీళ్ల ఆమ్లత్వం పెరుగుడు, వేరే. నీళ్లల కార్బన్ డయాక్సైడ్ కరిగితే హైడ్రోజన్ అయాన్లు పెరిగి కార్బొనేట్‌ను పట్టేసుకుంటయి, పిహెచ్ 8.2 నుంచి 8.1కి దిగిందంటే చిన్నగ కనవడతది గని అది లాగ్ స్కేలు (ఒక్క అంకె దిగితే ఆమ్లత్వం పదింతలైతది), ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టు. పోరైటిస్ మీద 2018ల వచ్చిన ఒక స్టడీల తేలిందేందంటే, దీనివల్ల పొడుగు తగ్గలే, సాంద్రత తగ్గింది, అంటే సిమెంట్ తక్కువేసి గోడ లేపినట్టు. పైకి బాగనే ఉంటది, అలలకు ఆగది. మెయిన్స్‌ల ఈ తేడా రాస్తే ఆన్సర్‌కు బరువొస్తది, నాకైతే ఈ టాపిక్‌ల అన్నిటికంటె నచ్చిన పాయింట్ ఇదే.

వెలుతురు, ఉప్పుశాతం, బురద మిగిలినయి. 2014 సివిల్స్ ప్రిలిమ్స్‌ల పగడపు దిబ్బలు ఎక్కడున్నయని అడిగి అండమాన్ నికోబార్, గల్ఫ్ ఆఫ్ కచ్, గల్ఫ్ ఆఫ్ మన్నార్‌తోటి సుందర్‌బన్స్‌ను కలిపి ఇచ్చిండ్రు. సుందర్‌బన్స్‌ల గంగా, బ్రహ్మపుత్ర తెచ్చే మంచినీళ్లకు ఉప్పు తగ్గుతది, ఒండ్రుకు వెలుతురు దిగది, దిబ్బ లేవది. వానాకాలం కాళేశ్వరం కాడ గోదావరి ఎట్ల ఎర్రగ పోతదో చూసినోళ్లకు ఇది ఇంకోసారి చదివే పనిలేదు, నదులు కలిసే కాడ పగడం ఎందుకు నిలవదో అక్కడ్నే అర్థమైతది.