ఈ-బైక్‌కి కొత్త టైర్లు

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌కి టైర్లు ఎంచుకోవడంలో ఇంత తతంగం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మామూలు మౌంటెన్ బైక్ 14, 15 కిలోలుంటే నాది 24 కిలోలు. పైన నేను (నా బరువు ఇక్కడ అనవసరం). ఆ బరువులో ఎక్కువ భాగం మోస్తూ, మోటారిచ్చే 85 న్యూటన్ మీటర్ల టార్క్‌ని (తిప్పే బలాన్ని) నేలకి దించేది వెనక టైరే. అందుకే వెనక రెండు పొరల కేసింగ్ (రబ్బరు కింది గుడ్డ) ఉన్న మాక్సిస్ కంపెనీ టైరు, మినియన్ డీహెచ్‌ఆర్ 2 వేయించాను. రబ్బరు కాస్త గట్టిదే. మెత్తదైతే మోటారు దెబ్బకి టైరు మీది గుబ్బలు ఇట్టే అరిగిపోతాయి. ముందు మాత్రం మెత్తని మాక్స్‌గ్రిప్ రబ్బరున్న అసెగై, అదీ మాక్సిస్ టైరే. మలుపులో వెనక చక్రం జారినా సర్దుకోవచ్చు, ముందుది జారితే కింద పడాల్సిందే.

నిన్న అనంతగిరి కొండ దిగుతుంటే తేడా తెలిసింది. ఎర్రమట్టి, పైన గులకరాళ్లు. బండిని వంచగానే పక్క గుబ్బలు మట్టిని కరిచి పట్టుకున్నాయి. గాలి ముందు 22, వెనక 25 పీఎస్ఐ. ట్యూబుల్లేవు, లోపల సీలెంటే. తుమ్మముల్లు దిగితే పీకాను. తెల్లటి ద్రవం బుసబుసమని పొంగి, చిల్లు దానంతటదే పూడిపోయింది.

నేలని ఇంతగా పట్టుకునే టైర్లతో బ్యాటరీ మునుపటికంటే త్వరగా దిగుతోంది. దిగనీ. టైర్ల ధర మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు.